పోగొట్టుకున్న వస్తువుల గది

మోంతెవిదేయోలో బస్సు కంపెనీకి ఒక గది ఉంది,
జనం మరిచిపోయినవి దాచడానికి.
పంతొమ్మిదేళ్ళుగా దానికి కాపలా నేనే.
గొడుగులు, ఒంటి చేతితొడుగులు, మాతే తాగే సొరకాయ బుర్రలు,
ఒకసారి కట్టుడు పళ్ళు,
ఒకసారి పెళ్ళి కేకు, చెక్కు చెదరకుండా.

రాత్రిళ్ళు నవలలు రాస్తాను.
ఇప్పటికి ఐదు. అన్నీ నా జీతంతో అచ్చయినవే.
ప్రింటరు పేరు వాషింగ్టన్ ఒలివేరా,
నవ్వకండి, ఇక్కడి తాతలు అలాగే పెట్టేవారు.
రెండు వందలకి ఒక్క కాపీ తగ్గనివ్వడు,
డబ్బు మాత్రం వాయిదాల్లో పుచ్చుకుంటాడు.
మంచం కింద అట్టపెట్టెలు.
మూడో నవల మీద పిల్లి ఈనింది.
ఆ నవలకి దొరికిన ఆదరణ
అంతవరకే.

ఆదివారం త్రిస్తాన్ నర్వాహా వీధి సంతలో
మడతబల్ల వేసుకు కూర్చుంటాను.
ఎడమ పక్క కుందేళ్ళవాడు,
కుడి పక్క పాత గొళ్ళేలు అమ్మే దోన్యా హసింతా.
మధ్యాహ్నానికి కుందేళ్ళు అయిపోతాయి.
నన్ను ధర అడిగేవాళ్ళలో సగంమంది
బల్ల ధర అడుగుతారు.

అసూయ లేదంటే అబద్ధం.
ఆ వీధి పెద్ద కొట్లో రోమిల్దో బెంతాంకోర్
సంతకాలు పెడుతున్న రోజు
వరస మూల తిరిగి నా బల్లదాకా వచ్చింది.
నిలబడి నిలబడి కాళ్ళు లాగి, ఒకావిడ
నా పుస్తకాల దొంతి మీద చెయ్యి ఆన్చుకుంది.
కాస్త జరగండమ్మా అనలేకపోయాను.
ఎలాగైతేనేం,
ఒకరు ముట్టుకున్నారు కదా.

ఆ రాత్రే ఆయన నవల తెరిచాను, తప్పులు పడదామని.
పదహారో పేజీ దగ్గర
పట్టడం మరిచిపోయాను.
బాగుంది. నా ఖర్మ.
బాగుండకపోతే ఎంత బాగుండేది!

పేరు ఎవరికి ఎందుకొస్తుందో
నాకొక సిద్ధాంతం ఉండేది, నవల నవలకీ మారేది.
మొదట్లో: మంచిదైతే లోకమే వెతుక్కుంటూ వస్తుంది.
తరవాత: లోకానికి రుచి చచ్చింది.
మూడోసారి: అట్ట రంగు బాలేదు.
నాలుగోసారి అమ్మకి జబ్బు,
సిద్ధాంతానికి తీరిక చిక్కలేదు.
ఆసుపత్రి బల్ల మీద, ఆవిడ నిద్రపోయినప్పుడల్లా
నాలుగేసి వాక్యాలు రాశాను.

జూలైలో, వారం రోజుల ముసురులో,
నూట ఇరవై ఒకటో నంబరు బస్సు సంచిలోంచి
ఆ నాలుగో నవల బయటపడింది.
నీలం అట్ట. ఒక మూల నాని ఉబ్బింది.
అరవై మూడో పేజీలో బస్సు టికెట్టు.

మరిచిపోయారా,
వదిలించుకున్నారా?
మా రిజిస్టరులో ఆ రెంటికీ ఒకటే గడి.
రాశాను: వస్తువు, పుస్తకం. స్థితి, తడి.
యజమాని, తెలియదు.
ఆ చివరి మాట దగ్గర కలం కాసేపు ఆగింది.

అరవై రోజుల గడువు.
నలభై ఒకటో రోజు ఒకాయన వచ్చాడు,
రేవులో క్రేను నడుపుతాడట, చేతులనిండా గ్రీజు చారలు.
నీలం పుస్తకం అన్నాడు.
రాసిందెవరు అని అడిగాను, నియమం ప్రకారమే.
ఎవరో ఆడమనిషండీ, పేరు గుర్తులేదు.
కానీ ఆ కుక్క, పడవలో ఉండిపోయిన కుక్క...
అది ఏమైందో తెలియక
బుర్ర తొలిచేస్తోంది.

నాలిక చివరదాకా వచ్చింది.
మింగేశాను.
ఇక్కడ సంతకం పెట్టండి అన్నాను.
పెట్టాడు, పెద్ద పెద్ద అక్షరాల్లో,
అట్ట మీద నా పేరు ఉన్నంత లావున.
వెనక ఎవరూ లేరు.
వరసంతా ఆయనొక్కడే.

కిటికీలోంచి చూస్తున్నాను.
స్టాపులో నిలబడే తెరిచాడు.
నూట ఇరవై ఒకటి వచ్చింది,
ఆగింది,
వెళ్ళిపోయింది.
ఆయన తల ఎత్తలేదు.

రెండు వందల పన్నెండో పేజీలో
ఆ కుక్కని చంపింది నేనే,
ఒక రాత్రి, తేలిగ్గా,
ఎవరు చదువుతారులే అనుకుని.